ఉమ్మి తాళం

"ఉమ్మి అబద్ధం చెప్పదండీ!" అన్నాడు సుందరం మావయ్య లాయరు.

గుంటూరు ఫ్యామిలీ కోర్టులో, జడ్జిగారి ఎదురుగా నిలబడి, వేదవాక్కు వల్లించినట్టు చెయ్యెత్తి మరీ అన్నాడు. ఆ మాట అతని సొంతం కాదు, మా కంపెనీ ప్రకటనలోది. బస్సుల వెనకాల, సినిమా హాళ్ళలో, చివరికి పాల ప్యాకెట్ల మీద కూడా అచ్చేసి ఊదరగొట్టారు. అది ఈ మనిషి నోట వినేసరికి నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

మా చెల్లెలు నీరజ జడ్జిగారి ముందు నిలబడి ఉంది. ఎదురుగా బల్ల మీద మా కంపెనీ మిషను. పచ్చడి జాడీ అంత ఉంటుంది. పైన చిన్న గిన్నె, పక్కన ఒక లైటు. ఆ గిన్నెలో నీరజ అప్పుడే ఉమ్మింది. పచ్చలైటు వెలిగింది. మిషను తియ్యగా, "స్వాగతం, నీరజ గారూ! మీ పెట్టె ఖాళీగా ఉంది. మీ ఆదేశం ప్రకారం అందులోని సమాచారం పోయిన నెల నాశనం చేశాం" అంది.

ఆ పెట్టెలో ఉండాల్సింది ఏడేళ్ళ నరకం. మొగుడు కొట్టినప్పుడల్లా నీరజ దొంగచాటుగా తీసుకున్న వీడియోలు, అట్లకాడ వాతల ఫొటోలు. ఫోనులో ఉంటే చూస్తాడని అన్నీ తుడిచేసి, మా తాళంలో పెట్టుకుంది. పెట్టేముందు ఒక్కటి నాకు చూపించింది. అందులో మనిషి కనపడడు. వంటింటి గోడ కనపడుతుంది. "కొట్టొద్దు మావయ్యా, కొట్టొద్దు మావయ్యా" అనే మాట మాత్రం వినపడుతుంది.

అవును, మొగుణ్ణి మావయ్యా అనే పిలుస్తుంది. సుందరం మావయ్య మా అమ్మకి సొంత తమ్ముడు.

"చూశారుగా సార్! అబద్ధపు సాక్ష్యాలు పెట్టింది. రేపు కోర్టులో బయటపడుతుందని భయపడి ఆవిడే చెరిపేసుకుంది. వేరేవాళ్ళు చెరపడానికి అది మామూలు తాళం కాదు. ఆమె ఉమ్మి తప్ప ఇంకెవరి ఉమ్మీ పనిచెయ్యదు" అన్నాడు లాయరు.

జడ్జిగారు నీరజ వైపు చూసిన చూపు నేను చచ్చినా మర్చిపోను. అంతవరకూ జాలిగా ఉన్న మొహం అది. తరువాతి వాయిదా దాకా పాప తండ్రి దగ్గర ఉండాలని చెప్పేశారు. మా మిన్నుకి ఆరేళ్ళు. వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వదల్లేదు. మావయ్య వంగి, నవ్వుతూ, ఒక్కొక్క వేలే విడదీశాడు.

"రామ్మా, బంగారుకొండా. నాన్న దగ్గరికే కదా" అని ఎత్తుకుని, నన్ను దాటుకుంటూ పోతూ ఆగాడు. "ఏమ్మే వకుళా! మీ కంపెనీ సరుకు గట్టిదేనే. బాగా చేశారు" అన్నాడు.

చెప్పు తీసి కొట్టాల్సింది. కోర్టు కదా అని ఆగాను.

"అక్కా, నేను తియ్యలేదే. మిన్ను మీద ఒట్టు" అంది నీరజ. ఆ ఒట్టు నాకు అక్కర్లేదు. తాళం ఎవరు తీశారో అప్పటికి తెలియదు గానీ, తీసింది నీరజ కాదని మాత్రం తెలుసు. ఎందుకంటే ఆ తాళం తయారుచేసినవాళ్ళలో నేనొకదాన్ని.

కోర్టు నుంచి సరాసరి మంగళగిరి దగ్గరున్న మా ల్యాబుకి పోయాను. బీజరక్ష అని పేరు. కోటు తొడుక్కుని చలిగదిలోకి వెళ్ళి, నీరజ నంబరు అర లాగి చూశాను. చిటికెన వేలంత గాజు గొట్టం ఉండాల్సిన చోట గుంట మాత్రమే ఉంది. పక్క గుంటల్లో గొట్టాలు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాంట్లో చిటికెడు తెల్లపొడి. ఆ పొడే సమాచారం. మీరిచ్చిన వీడియోని మేం డీఎన్ఏ అక్షరాల్లోకి మార్చి, ఆ అక్షరాల వరసలోనే నిజం డీఎన్ఏ పోగులు తయారుచేస్తాం. వాటిని కోటానుకోట్ల ఉత్తుత్తి పోగుల్లో కలిపేస్తాం. గడ్డివాములో గడ్డిపోచని దాచడం అన్నమాట. అసలు పోచ ఏదో చెప్పే తాళంచెవి కాగితం మీదా ఉండదు, కంప్యూటర్‌లోనూ ఉండదు. మీ ఒంట్లో ఉంటుంది. మీరు ఉమ్మితే, మీ డీఎన్ఏలో కొన్ని వందల చోట్లు చదివి, అందులోంచి మిషను అప్పటికప్పుడు తాళంచెవి తయారుచేసుకుంటుంది. నాశనం చెయ్యమంటే గొట్టంలో యాసిడ్ పడుతుంది. ఇక దేవుడు దిగొచ్చినా చదవలేడు.

కంప్యూటర్‌లో చూస్తే, తాళం తీసింది చీరాల సేవా కేంద్రంలో అని ఉంది. ఆ రోజు నీరజ గుంటూరులో మా ఇంట్లో మూసిన కన్ను తెరవకుండా జ్వరంతో పడుకుంది. గంజి కాచి పట్టింది నేనే. చీరాలలో ఉండేది ఎవరు? బట్టల కొట్టు సుందరం మావయ్య.

నేరుగా మా డైరెక్టర్ గదిలోకి నడిచాను. డాక్టర్ పరాంకుశం గారు. ఆయన పేరుకి ముందూ వెనకా డిగ్రీలు చాలా ఉన్నాయి.

"సార్, తాళం వేరేవాళ్ళకి తెరుచుకుంది. మా మావయ్య తెరిచాడు."

"అసంభవం" అన్నారు తలెత్తకుండానే. "కోటి మందిలో ఒక్కరికి కూడా కలవదు. లెక్క నీకూ తెలుసు."

"ఆ లెక్క ఎవరి రక్తం మీద కట్టారు సార్? పై దేశాల వాళ్ళ శాంపిళ్ళ మీద. అక్కడ మేనమామని ఎవరు పెళ్ళాడతారు? ఇక్కడ మా అమ్మ తమ్ముడే నా చెల్లెలి మొగుడు. మా నాన్న మా అమ్మకి మేనత్త కొడుకు. మా అమ్మమ్మని ఇచ్చింది వాళ్ళ మేనమామకే. మూడు తరాల నుంచీ ఒకే కుండలో నీళ్ళు అటూ ఇటూ పోసుకుంటున్నాం. ఆ నీళ్ళలో తేడా మీ మిషను ఏం పట్టగలదు?"

"చూడు వకుళా, జెనెటిక్స్ అంటే అంత తేలిక కాదమ్మా. ముందు సంభావ్యత అంటే ఏమిటో..." అని మొదలుపెట్టారు. మేనమామకి తల్లి పుట్టింటి సంగతి చెప్పినట్టుంది. ఈ తాళంలో ఏ చోట్లు చదవాలో ఎంచినదాన్ని నేను.

నిజానికి నేను ఎంచినప్పుడు తాళం గట్టిగానే ఉండేది. నూటికి తొంభై అయిదు చోట్లు కలిస్తేనే పచ్చలైటు. దాన్ని చెడగొట్టింది ఒక కారాకిళ్ళీ. ప్రారంభోత్సవం నాడు ఒక పెద్దాయన కిళ్ళీ నములుతూ స్టేజీ ఎక్కి, తన తాళం తానే తీయబోయాడు. ఎర్రలైటు. మళ్ళీ ఉమ్మాడు. ఎర్రలైటు. గిన్నెంతా సున్నం, వక్కపొడి. జనం నవ్వారు. ఆయన మొహం మాడ్చుకుని దిగిపోయాడు. మర్నాడే పరాంకుశం గారు నన్ను పిలిచి, "మన జనం చుట్టలు కాలుస్తారు, గుట్కా నములుతారు, ఆవకాయ తిని మూతి కూడా తుడుచుకోరు. ఉమ్మి సరిగ్గా చదవలేం. కాబట్టి సడలించు. డెబ్బై కలిస్తే చాలు" అన్నారు.

వద్దన్నాను. దగ్గర చుట్టాలకి తెరుచుకుంటుంది, మేనరికం ఇళ్ళలో అయితే మరీ, అని నోటితో చెప్పాను, మెయిల్లో రాశాను. కనీసం ఆడా మగా తేడా అయినా చూద్దాం సార్ అన్నాను. దానికి లాయర్లు అడ్డుపడ్డారు. ఆడో మగో చెప్పే మిషను అంటే లింగ నిర్ధారణ కేసు మెడకి చుట్టుకుంటుందట. కడుపులో పిల్లకీ, కౌంటర్ దగ్గర ఉమ్మే ముసలాడికీ తేడా తెలియని లాయర్లు! అలా మీసాలున్న మావయ్య ఉమ్మినా మిషను "స్వాగతం నీరజ గారూ" అంది.

"మేనరికాలన్నీ పాతకాలం, పల్లెటూళ్ళ సంగతులు వకుళా. చదువుకున్నవాళ్ళు ఇంకా ఎవరు చేసుకుంటున్నారు?" అన్నారు పరాంకుశం గారు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ఆయన భార్య వేదవల్లి గారు క్యారేజీతో వచ్చారు. డ్రైవర్ లేని రోజు ఆవిడే తెస్తారు. నేను తలుపు పక్కన నిలబడి ఉండటంతో ఆవిడ నన్ను చూడలేదు.

"మావయ్యా, పొద్దున షుగర్ మాత్ర మర్చిపోయి వచ్చావు" అన్నారు.

పరాంకుశం గారు గొంతు సవరించుకుని, "అక్కడ పెట్టి వెళ్ళండి" అన్నారు, పరాయి మనిషితో అన్నట్టు. ఆవిడ నన్ను చూసి, నాలిక కరుచుకుని, మాత్ర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

నాకు నవ్వూ కోపం రెండూ వచ్చాయి. కోపమే గెలిచింది. "పాతకాలం సంగతా సార్?" అన్నాను.

"బయటికి వెళ్ళు" అన్నారు. సాయంత్రానికల్లా నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు మెసేజ్ వచ్చింది. రాష్ట్రంలో ఉన్న ఇళ్ళ పత్రాలన్నీ ఈ తాళంలో పెట్టేలా ప్రభుత్వంతో ఒప్పందం వారం రోజుల్లో ఖాయం కాబోతోంది. అప్పుడు నోరెత్తేవాళ్ళు ఎవరికి కావాలి?

మర్నాడు చీరాల నుంచి అమ్మ వచ్చింది, సర్దిచెప్పడానికి. వచ్చీ రాగానే నీరజ పక్కన కూర్చుని తల నిమిరింది. నీరజ రాత్రంతా ఏడ్చి మొహం వాచిపోయి ఉంది.

"అయిందేదో అయింది. ఇంటికి రావే. మిన్ను బెంగ పెట్టుకుంది. వాడు మాత్రం ఏం చేస్తాడు, కోపం ముక్కు మీదుంటది, మనసు వెన్నపూస" అంది.

"వెన్నపూస మనిషి అట్లకాడతో వాతలు పెట్టాడా అమ్మా?" అన్నాను.

"నువ్వుండవే! నువ్వు చేసుకోనని మొండికేసి చదువులకి పోబట్టేగా దీన్నిచ్చింది. అయినా వకుళా, నీకో సంగతి చెప్పాలి. మీ మిషను గొప్పదేనే. మొన్న తమ్ముడు సరదాకి ఆ కేంద్రానికెళ్ళి, దీని రసీదు మీది నంబరు కొట్టి ఉమ్మితే పచ్చలైటు వెలిగిందంట! వాడే చెప్పాడు నవ్వుకుంటా. చూశావా? మొగుడూ పెళ్ళాం ఒకటేనని మిషను కూడా ఒప్పుకుంది."

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ మొహంలో మురిపెం! తమ్ముడేదో మెడల్ గెలుచుకొచ్చినట్టు.

నీరజ మెల్లగా తలెత్తింది. "ఏందమ్మా? ఏందీ?"

"అదేనే, ఆ పెట్టె..."

"నీకు తెలుసా?" నేను అరిచాను. "వాడు నీ కూతురి సాక్ష్యం కాల్చేశాడని నీకు తెలుసా? తెలిసే ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావా?"

"నాకేం తెలుసే అది సాక్ష్యమని! ఇంటి గుట్టు బయటపెట్టే బొమ్మలన్నాడు. పోతే పోయాయిలే, పరువన్నా మిగిలిందనుకున్నా. ఎంతయినా వాడు నా తమ్ముడు. పరాయోడా?"

"పరాయివాడైతే తాళం తెరుచుకునేది కాదమ్మా!" అన్నాను. "పరాయివాడికిచ్చి ఉంటే ఈ పిల్ల సాక్ష్యం భద్రంగా ఉండేది. మనవాడు, మనవాడు అని కట్టబెట్టావు. ఆ మనవాడే తిన్నాడు. కంచే చేను మేసింది. ఇంకా ఏం చూపించమంటావు నీకు?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటలే కోర్టులో చెప్పమన్నాను. "తమ్ముణ్ణి జైలుకి పంపమంటావా?" అని సంచీ తీసుకుని బస్టాండుకి పోయింది. కూతుర్ని ఏడిపించి పోయింది గానీ, తమ్ముణ్ణి మాత్రం ఏమీ అననీయదు.

మా లాయరు చేతులెత్తేశాడు. "మేడం, మిషను తప్పని, తాళం చీరాలలో తీశారని, మిషను తయారుచేసినవాళ్ళే చెప్పాలి. మీ మాట చెల్లదు, మీరు చెల్లెలి తరఫు మనిషి కదా."

పోనీ నేను ఉమ్మి చూపిద్దామంటే? చెల్లెలి తాళం నాకూ తెరుచుకుంటుంది, తప్పకుండా. కానీ పరాంకుశం గారు ఏమంటారో నాకు తెలుసు. తాళం కట్టిన మనిషివి, లోపల ఏదో మార్చావు అంటారు. నలుగురి ముందూ, ఆయన కాదనలేని మనిషి ఉమ్మాలి. అలాంటి మనిషి ఒక్కరే ఉన్నారు.

వేదవల్లి గారి ఇంటికి ఎండ బాగా ఎక్కాక వెళ్ళాను. మేడ మీద పాత పంచె పరిచి బూడిద గుమ్మడికాయ వడియాలు పెడుతున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. గిన్నె కొంచెం నా వైపు జరిపి, "చెయ్యి తడి చేసుకుని పెట్టు, లేకపోతే అంటుకుంటుంది" అన్నారు. నేనూ కూర్చుని పెడుతూ, అంతా చెప్పాను. నీరజ సంగతీ, తాళం సంగతీ, డెబ్బై సంగతీ. మధ్యలో ఏడుపొచ్చింది. ఆవిడ ఆగమని అనలేదు, ఓదార్చలేదు, వింటూ వడియాలు పెడుతూనే ఉన్నారు.

"అయితే మేనరికం అయితే ఇద్దరి ఒంట్లోనూ ఒకటే రాసి ఉంటుందంటావు" అన్నారు చివరికి.

"అంతా కాదండీ. చాలావరకు. తరాలు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ."

"చెడ్డది ఏదైనా ఉంటే, అదీ ఇద్దరిలోనూ ఉంటుందా?"

ఈ ప్రశ్న ఎక్కడికి పోతోందో నాకు అర్థమైంది. "ఉండొచ్చండీ" అన్నాను.

"నాకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారమ్మా. ఇద్దరికీ ఒకటే జబ్బు. నెల తిరక్కుండానే పోయారు. ఎందుకు మావయ్యా అని కాళ్ళ మీద పడి అడిగాను. అంతా మన కర్మ అన్నాడు. పూర్వజన్మలో ఏ పాపం చేశావో అన్నాడు. నేను నలభై రోజులు ఉపవాసాలు చేశాను." చేతిలో ఉన్న పిండిని అలాగే చూస్తూ ఉండిపోయారు. "ఆయనకి అప్పటికే డాక్టరేటు వచ్చింది."

నా కోపం ఆవిడ కోపం ముందు చిన్నపిల్లలా నిలబడింది.

"ఎవరికైనా నన్ను పరిచయం చెయ్యాల్సివస్తే, దూరపు బంధువులమ్మాయి అంటాడు. అక్క కూతురని చెప్పడానికి నామోషీ. నలుగుర్లో మావయ్యా అని పిలవకు అని మొదటి రోజే చెప్పాడు. పుట్టినప్పటి నుంచీ పిలిచిన నోరు, అప్పుడప్పుడూ జారిపోతుంది." చెయ్యి కడుక్కున్నారు. "నీ చెల్లెలి కూతురికి ఎన్నేళ్ళన్నావు?"

"ఆరేళ్ళండీ."

"సరే. వడియాలకి కాకులు రాకుండా ఆ నల్లగుడ్డ కట్టి వెళ్ళు" అన్నారు. అంతే. ఔననలేదు, కాదనలేదు.

విజయవాడలో పెద్ద హోటల్ హాల్లో ఒప్పందం సభ. ఆఫీసర్లు, పెట్టుబడిదార్లు, పత్రికలవాళ్ళు. నా కార్డు రద్దు చేశారు గానీ, టిఫిన్ల హడావుడిలో ఎవరూ అడ్డుకోలేదు. నేనూ నీరజా వెనక వరసలో కూర్చున్నాం. నీరజ చేతిలో మిన్ను జడకుచ్చులు ఉన్నాయి. పిల్ల వెళ్ళిన దగ్గర నుంచి అవి వదలడం లేదు.

పరాంకుశం గారు ప్రతి సభలోనూ చేసే విద్యే చేశారు. స్టేజీ మీద మిషను పెట్టి, "ఇది నా సొంత తాళం. మా కంపెనీ మూల సూత్రాలు అన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరైనా వచ్చి తెరవండి. తెరిస్తే కంపెనీయే మీది!" అన్నారు. జనం నవ్వారు. ఒక ఆఫీసరు వెళ్ళి ఉమ్మాడు. ఎర్రలైటు. ఒక పత్రిక కుర్రాడు. ఎర్రలైటు. చప్పట్లు. "ఇంకెవరైనా?" అన్నారు ఆయన, పెళ్ళికొడుకులా మెరిసిపోతూ.

మొదటి వరసలోంచి వేదవల్లి గారు లేచారు. పెసరరంగు పట్టుచీర కట్టుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని మెట్లెక్కారు.

"చూశారా, మా ఆవిడకి కూడా సరదా పుట్టింది!" అన్నారు పరాంకుశం గారు నవ్వుతూ. కానీ ఆయన కళ్ళు నవ్వలేదు. ఆ ఒక్క క్షణంలో ఆయనకి అంతా తెలిసిపోయిందని నాకు అర్థమైంది. మైకు పక్కకి తిప్పి ఏదో అన్నారు. వద్దనే అయ్యుంటుంది. ఆవిడ వినిపించుకోలేదు. వంగి, గిన్నెలో ఉమ్మారు.

మిషను కాసేపు గురగురలాడింది. పచ్చలైటు వెలిగింది.

"స్వాగతం, పరాంకుశం గారూ!" అంది, తియ్యగా, హాలంతా వినపడేలా. "తెరవమంటారా, నాశనం చెయ్యమంటారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వేదవల్లి గారు భర్త వైపు తిరిగారు. మైకు పక్కనే ఉంది.

"ఏం చెయ్యమంటావు, మావయ్యా?"

ఆయన, "మిషను... మిషను పాడైపోయింది" అన్నారు.

"ఇంకోసారి ఉమ్మనా?" అని మళ్ళీ ఉమ్మారు ఆవిడ. మళ్ళీ పచ్చలైటు. మళ్ళీ, "స్వాగతం, పరాంకుశం గారూ!" అప్పుడు మైకు తన వైపు తిప్పుకున్నారు. "నేను ఈయన అక్క కూతుర్నండీ. దూరపు బంధువుని కాదు. మా ఇద్దరి రక్తం ఎంత దగ్గరో ఈయనకి పాతికేళ్ళుగా తెలుసు. నా ఇద్దరు పిల్లలు చచ్చిపోయినప్పుడూ తెలుసు, ఈ తాళం మీకు అమ్ముతున్నప్పుడూ తెలుసు. నాకు కర్మ అని చెప్పాడు, మీకు కోటిలో ఒకటి అని చెప్పాడు. వెనకాల ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు నీరజ. ఆమె పెట్టె ఇలాగే తెరిచారు. తెరిచినవాడు ఆమె మేనమామ, మొగుడు. ఆ అమ్మాయే తీసుకుందని ఈ కంపెనీ ఊరుకుంది. ఆ పిల్ల దగ్గర నుంచి బిడ్డని లాక్కుపోయారు. ఇది రాసుకోండి."

కుర్చీలు కదిలాయి, కెమెరాలు వెలిగాయి. నీరజ లేచి నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకుంటే వదిలించుకుంది. ఒక్కత్తే నిలబడాలనుకుంది.

ఒప్పందం ఆగిపోయింది. సభ అయ్యాక పరాంకుశం గారు నా దగ్గరికొచ్చి, "కంపెనీ పరువు తీశావు" అన్నారు. "తాళం మాత్రమే తీశాంరా" అన్నాను. సార్ అనడం ఆ రోజుతో మానేశాను.

తరువాతి వాయిదాలో జడ్జిగారు నీరజ వైపు చూసిన చూపు వేరేగా ఉంది. పాపని తల్లికి ఇచ్చేశారు. సుందరం మావయ్య మీద కేసు పెట్టమన్నారు. అతని లాయరు ఆ రోజు ఉమ్మి గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అయితే గొట్టంలో పడ్డ యాసిడ్ వెనక్కి రాదు. ఆ వీడియోలు పోయినట్టే పోయాయి. వాతల మచ్చలు కూడా సగం మానిపోయాయి. "సాక్ష్యం మొదటి నుంచీ మళ్ళీ చెప్పాలమ్మా, ఒక్కటీ వదలకుండా. రికార్డు చేసి తెండి" అంది పోలీసు అధికారిణి.

మిన్నుని తీసుకొచ్చింది అమ్మే. తమ్ముడి ఇంటి నుంచి చీరాలలో బస్సెక్కి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూసింది. నేను రమ్మనలేదు. నీరజే, "రా" అంది.

అమ్మ గోడకి ఆనుకుని కింద కూర్చుంది. మిన్ను వాళ్ళమ్మ వీపు మీదికి ఎక్కి, జడకుచ్చులు దొరికాయని కేరింతలు కొట్టి, పక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి పరిగెత్తింది. నేను ఫోను ఒక స్టీలు గ్లాసుకి ఆనించి నిలబెట్టి, రికార్డు నొక్కాను.

"పెళ్ళయిన మూడో నెల" అని మొదలుపెట్టింది నీరజ. "కూరలో ఉప్పు ఎక్కువైందని..."

అమ్మ గభాలున లేచింది. "ఆగవే, ఆగు. ముందు తలుపెయ్యనీ. చుట్టుపక్కలోళ్ళు వింటారు" అంటూ గడియ మీద చెయ్యి వేసింది.

నీరజ మాట ఆపింది. ఏడేళ్ళుగా తలుపులు వేసుకున్న ఇంట్లో, తాళం వేసుకున్న పెట్టెలో బతికిన పిల్ల అది. గొంతు పెద్దగా లేపలేదు. కానీ ఆ గొంతు నేను ఎప్పుడూ విని ఉండలేదు.

"తెరిచే ఉంచు. విననీ" అంది. "నువ్వు కూడా కూర్చుని విను. నీ తమ్ముడు ఏం చేశాడో ఒక్క ముక్క కూడా వదలను."

అమ్మ చెయ్యి కాసేపు గడియ మీదే ఉంది. తర్వాత వచ్చి, ఇందాక కూర్చున్న చోటే కూర్చుంది.

"పెళ్ళయిన మూడో నెల" అంది నీరజ మళ్ళీ మొదటి నుంచి, వీధిలోకి వినపడేలా.